‘ఆరు నెలలుగా జ్వరం’ అన్న ఒక్క వాక్యంతో క్లెయిమ్ తిరస్కరించవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. 2024 ఫిబ్రవరి 5న కుటుంబమంతటికీ కలిపి 10 లక్షల రూపాయల ఆరోగ్య బీమా తీసుకున్నాము. జూన్‌లో మా ఐదేళ్ల బాబుకు రక్త క్యాన్సర్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా) అని హైదరాబాద్‌లో తేల్చారు. మొదటి విడత చికిత్సకే 9.40 లక్షలు అయ్యాయి. డిశ్చార్జి సమ్మరీలోని ‘ఆరు నెలలుగా జ్వరం’ అన్న మాట చూపి, జబ్బు ముందే ఉందనీ, దాన్ని దాచామనీ చెప్పి కంపెనీ క్లెయిమ్ తిరస్కరించింది. ఆ లేఖ 2024 సెప్టెంబరు 18న అందింది. పొలం అమ్మాము, నా భార్య పుస్తెలతాడు కుదువ పెట్టాము. పదహారు నెలలుగా ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాను. డిశ్చార్జి సమ్మరీలో ‘ఆరు నెలలు’ అన్నది ‘ఆరు రోజులు’గా మార్పించుకుంటే సరిపోతుందని ఆయన అంటున్నారు. ఫిబ్రవరిలో రెన్యువల్ కట్టడం కూడా దండగ అనిపిస్తోంది. ఏమి చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో అమ్మిన పొలం గురించి ఒక పేజీ ఉంది, ఏజెంటు మాటల గురించి మరో పేజీ ఉంది. కేసును తేల్చే విషయం మాత్రం చివర ఒక్క వాక్యంలో ఉంది: ‘జనవరిలో ఊళ్లో క్లినిక్‌కు తీసుకెళితే రక్తపరీక్ష చేసి సిరప్ రాశారు, ఆ కాగితాలు ఎక్కడో పోయాయి’ అని రాశారు. మీ కేసు ఆ కాగితాల మీదే నిలుస్తుంది.

మీ పాలసీ పుస్తకంలో ‘ముందే ఉన్న వ్యాధి’ అనే మాటకు ఇచ్చిన నిర్వచనం తీసి చదవండి. పాలసీ మొదలయ్యే నాటికి ముందు, అందులో చెప్పిన కాలంలో, వైద్యుడు నిర్ధారించిన వ్యాధి లేదా దాని కోసం వైద్యుడు సలహా గానీ చికిత్స గానీ ఇచ్చిన వ్యాధి అని ఉంటుంది. పిల్లవాడికి జ్వరం రావడం వేరు, లుకేమియా ఉందని వైద్యుడు చెప్పడం వేరు. జబ్బును తేల్చిన బోన్‌మ్యారో (ఎముక మజ్జ) పరీక్ష జరిగింది జూన్‌లో. అంతకు ముందు ఈ జబ్బు పేరు మీకెవరూ చెప్పలేదు, తెలియనిదాన్ని దాచడం ఎవరికీ సాధ్యం కాదు. దాచారని ఆరోపించిన కంపెనీయే దాన్ని రుజువు చేయాలని, ఒక జీవిత బీమా కేసులో 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

మీరు పంపిన సమ్మరీ జిరాక్స్‌లో రెండో పేజీ పైన ‘ఆరు నెలలుగా వచ్చిపోయే జ్వరం’ అని ఉంది. చేరిన సమయం రాత్రి 1.40 అని పక్కనే ఉంది. ఆ వేళ డ్యూటీ డాక్టరు అడిగితే, ఒళ్లు కాలిపోతున్న బిడ్డను ఎత్తుకొని ఉన్న తల్లి చెప్పిన మాట అది. చలికాలంలో వచ్చిన జలుబు జ్వరాన్ని కూడా ఆమె అందులో కలిపి చెప్పి ఉండవచ్చు. అయితే అది మనం ఊహించి వదిలేస్తే చాలదు, ఆమె అఫిడవిట్‌లో ప్రమాణపూర్వకంగా చెప్పాలి. జనవరి నాటి రక్తపరీక్షలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మామూలుగా ఉన్నాయని తేలితే కంపెనీ వాదనలో సగం బలం పోతుంది. అందులో తేడా ఉండి, పెద్దాసుపత్రికి వెళ్లమని ఆ డాక్టరు రాసి ఉంటే మాత్రం మీ కేసు కష్టమే, ఆ సంగతి ముందే తెలియడం మంచిది. చికిత్స చేస్తున్న క్యాన్సర్ వైద్యుని అభిప్రాయం కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ‘అక్యూట్’ అంటేనే వేగంగా ముదిరేది. ఈ జబ్బు ఎన్నాళ్ల ముందు మొదలై ఉండవచ్చో ఆయన చెప్పే మాటకు విలువ ఉంటుంది.

ఇంత పెద్ద జబ్బు వచ్చిన ఇంట్లో ఒక్క ఫైలు లేకపోవడం క్షమించదగిన విషయం కాదు. ప్రపోజల్ ఫారం (బీమా కోసం ఇచ్చే దరఖాస్తు) మీద ఖాళీగానే సంతకం చేసి ఏజెంటుకు ఇచ్చానని కూడా మీరే రాశారు. అందులో ఏ ప్రశ్న అడిగారో, మీ పేరున ఏ జవాబు నింపారో తెలియకుండా మీరు కోర్టు గుమ్మం ఎక్కలేరు. దాని నకలు కంపెనీని రాతపూర్వకంగా అడగండి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం క్లెయిముల సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా క్లెయిమ్‌ను తిరస్కరించకూడదు కనుక, ఆ ఆమోదం ఉందా అని అదే లేఖలో అడగండి.

ఏజెంటు చెప్పిన దారి జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోకండి. అసలు కేస్‌షీటు ఆసుపత్రిలో ఉంది, ‘ఆరు నెలలు’ అని ఉన్న సమ్మరీ కంపెనీ ఫైల్లో 2024 నుంచే ఉంది. మార్చిన కాగితాన్ని వాటి పక్కన పెట్టి చూసిన రోజున, అంతవరకూ నిజాయతీగా ఉన్న మీ కేసు మోసం కేసు అవుతుంది. పత్రాన్ని తారుమారు చేయడం భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద, అది తెలిసీ వాడడం 340 కింద నేరాలు. బిడ్డ పక్కన ఉండవలసిన తండ్రి పోలీస్‌స్టేషన్‌లో కూర్చోవలసి వస్తుంది. డాక్టరు పొరపాటుగా రాశారని మీరు నిజంగా నమ్మితే, ఆసుపత్రి సూపరింటెండెంట్‌కు దరఖాస్తు పెట్టి, ఈనాటి తేదీతో వివరణ పత్రం అడగండి, పాత కాగితాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలో వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయాలి. మీకు 2026 సెప్టెంబరు 17 వరకే ఉంది. పదహారు నెలలు ఏజెంటుతో మాట్లాడారు గానీ కంపెనీకి ఒక్క లేఖ రాయలేదు. ఫోన్లు, తిరుగుళ్లు, చివరకు లాయరు నోటీసు కూడా ఈ గడువును పెంచవు. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, దాని మీద ఆధారపడి కూర్చోకండి. బీమా ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్ దగ్గర ఏడాది గడువు విషయంలో కంపెనీ అభ్యంతరం లేవనెత్తే అవకాశం ఉంది కాబట్టి, మీరు నేరుగా ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడమే మేలు. నివాసం ఉన్న జిల్లాలోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కరలేదు. కట్టిన ప్రీమియం 5 లక్షల లోపు కనుక ఫీజు కూడా ఉండదు. క్లెయిమ్ మొత్తం, వడ్డీ, పరిహారం, ఖర్చులు అన్నీ అందులోనే కోరండి.

రెన్యువల్ తప్పక కట్టండి. ఈ జబ్బుకు మందులు రెండు మూడేళ్లు నడుస్తాయి. ఒకసారి పాలసీ తెగిపోతే ఈ బిడ్డకు కొత్తది దొరకడం దాదాపు అసాధ్యం. క్లెయిమ్ చేశారన్న కారణంతో రెన్యువల్ నిరాకరించడానికి వీల్లేదు. మొదటి తిరస్కరణ తర్వాత వచ్చిన బిల్లులను అసలు పంపనేలేదని రాశారు, అది మరో పొరపాటు. ఆలస్యానికి కారణం వివరిస్తూ వాటిని ఇప్పుడే రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. కేవలం ఆలస్యం పేరిట నిజమైన క్లెయిములను తోసిపుచ్చవద్దని నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు చెప్పింది.

వీటన్నిటికంటే ముందు రేపే ఆ క్లినిక్‌కు వెళ్లండి. వైద్య మండలి నిబంధనల ప్రకారం డాక్టర్లు ఆసుపత్రిలో చేర్చుకున్న రోగుల రికార్డులను మూడేళ్లు ఉంచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఓపీ చీటీలకు ఆ భరోసా లేదు, కాబట్టి ఆలస్యం పనికిరాదు. బాబు పేరు, 2024 జనవరి, పరీక్ష చేసిన ల్యాబు పేరు చెప్పి రిపోర్టు నకలు రాతపూర్వకంగా కోరండి, మీ దరఖాస్తు రెండో ప్రతి మీద అందినట్లు సంతకం, ముద్ర వేయించుకోండి.