సైదులు అన్న పేరు ఎక్కడిది?

ప్రశ్న: నా పేరు సైదులు. మాది మిర్యాలగూడ దగ్గర ఒక పల్లె. మేము హిందువులం. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు దక్కకపోవడంతో, జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకొని నాకు ఈ పేరు పెట్టారని మా నాయనమ్మ చెబుతుంది. హైదరాబాదులో ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఇది ఏ మతం పేరని చాలామంది అడుగుతున్నారు. ఈ మధ్యే నాకు కొడుకు పుట్టాడు. వాడి పేరులోనూ సైదులు ఉండాలని నాయనమ్మ పట్టుదల. ఈ పేరు పుట్టుక, అర్థం వివరించగలరు.
– ఒక పాఠకుడు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ పేరుకు మూలం ‘సయ్యద్’ అనే అరబ్బీ మాట. ప్రభువు, యజమాని, పెద్ద అని దానికి అర్థం. మహమ్మద్ ప్రవక్త కుమార్తె ఫాతిమాకు, అలీకి పుట్టిన హసన్, హుస్సేన్‌ల వంశీకులను సయ్యద్‌లని గౌరవంగా పిలుస్తారు. దక్కను పల్లెల్లో సమాధులైన సూఫీ గురువుల్లో చాలామంది పేర్ల ముందు ఈ మాట ఉండటంతో, అది మన జనం నోట ‘సైదు’ అయింది. అదృష్టవంతుడు అనే అర్థం గల ‘సయీద్’ వేరే మాట; వినడానికి దగ్గరగా ఉన్నా అరబ్బీలో రెండింటి ధాతువులు వేరు, మీ పేరుకు దానితో సంబంధం లేదు.

ఇక ‘లు’ సంగతి. నా దృష్టిలో మీ పేరులోని అసలైన అందం అక్కడే ఉంది. రాముడు రాములైనట్టు, ఆంజనేయుడు ఆంజనేయులైనట్టు, వెంకటేశ్వరుడు వెంకటేశ్వర్లైనట్టు, సైదు సైదులయ్యాడు. పూజ్యుడైన ఒక్కరిని చెప్పేటప్పుడు కూడా బహువచనం వాడే తెలుగు మర్యాద ఇది. అరబ్బీ మాటకు ఈ మర్యాదను తొడిగింది మన పల్లె జనమే కనుక, సైదులు అన్న రూపం తెలుగువారి మధ్య తప్ప పుట్టే అవకాశం లేదు. దర్గాలో ఉన్న మహనీయుణ్ణి భక్తులు ‘సైదన్న’ అని పిలవడం మీరు వినే ఉంటారు. మల్లన్న, రాజన్న అన్నంత చనువు, భక్తి ఆ పిలుపులో ఉన్నాయి.

జాన్‌పహాడ్ ఒకప్పటి ఉమ్మడి నల్లగొండ జిల్లాలోది. 2016లో జిల్లాలను విభజించాక సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలోకి వచ్చింది. ఏటా జనవరిలో అక్కడ జరిగే ఉర్సుకు హిందువులు, ముస్లింలు వేల సంఖ్యలో వస్తారు, గంధం ఊరేగింపు చూస్తారు, మొక్కు తీరినవారు కందూరు చేసి బంధువులకు భోజనం పెడతారు. పిల్లలు లేనివారు, పుట్టిన పిల్లలు దక్కనివారు సైదన్నకు మొక్కుకోవడం, బిడ్డ నిలిస్తే ఆయన పేరే పెట్టుకోవడం ఆ ప్రాంతపు ఆనవాయితీ. యాదగిరిగుట్ట నరసింహస్వామికి మొక్కుకున్నవారి ఇళ్లలో యాదగిరి, యాదయ్య, యాదమ్మ ఉన్నట్టే ఇక్కడ సైదులు, సైదయ్య, సైదమ్మ ఉన్నారు. హుజూర్‌నగర్ నియోజకవర్గం నుంచి 2019 ఉప ఎన్నికలో శాసనసభకు ఎన్నికైన నాయకుడి పేరు సైదిరెడ్డి కావడం కూడా ఈ పేరు ఆ నేలలో ఎంతగా పాతుకుందో చెబుతుంది. కృష్ణ దాటి పల్నాడు వైపు వెళితే సైదారావు కనిపిస్తాడు. రాయలసీమలో హిందువులు కూడా పెట్టుకునే దస్తగిరి అన్న పేరూ ఇటువంటిదే. చేయి పట్టి ఆదుకొనేవాడని దానికి పారసీకంలో అర్థం.

కనుక ఏ మతం పేరని అడిగినవారికి ‘ఇది మా ప్రాంతపు మొక్కు పేరు’ అని నిస్సంకోచంగా చెప్పండి. మాట అరబ్బీది, ముగింపు తెలుగుది, పెట్టింది మీ ఇంటివారు. ఈ ప్రశ్న వేసేవారు మిమ్మల్ని తప్పుపడుతున్నారని అనుకోనక్కరలేదు; నల్లగొండ, సూర్యాపేట వైపు తిరగనివారికి ఈ పేరు తెలిసే అవకాశం తక్కువ.

నడివయసు దాటినవారిలో వినిపించినంతగా ఈ పేరు ఇప్పటి పసిపిల్లల్లో వినిపించడం లేదు. సైదులును సాయిగా మార్చుకున్న యువకులను నేనూ చూశాను. ఎవరి పేరు వారి ఇష్టమే అయినా, రెండూ వేర్వేరు పేర్లన్న సంగతి మరుగున పడటం నాకు బాధ కలిగిస్తుంది.

మీ నాయనమ్మ కోరిక తీర్చడం కష్టమేమీ కాదు. మీకు నచ్చిన పేరు ముందు ఉంచి, దాని వెంట సైదులును చేర్చండి. అయితే దాన్ని ఇంటి పిలుపుగా మాత్రమే వదలకుండా జనన ధ్రువపత్రంలోనే రాయించండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఈ పేరును ఒక్కొక్కరు ఒక్కొక్క తీరుగా రాస్తారు కాబట్టి, మీ పదో తరగతి మెమోలో ఎట్లా ఉందో బాబు పేరులోనూ, తండ్రి పేరు రాసే చోటా అక్షరం తేడా లేకుండా అట్లాగే ఉండేటట్టు చూసుకోండి.