2025 మహిళల వన్డే ప్రపంచకప్‌లో మీకు బాగా గుర్తుండిపోయిన మ్యాచ్ ఏది? ఎందుకు?

చాలామంది నవంబరు 2 నాటి ఫైనల్ అంటారు. కాదంటే జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్‌గా నిలిచిన సెమీస్ అంటారు. నాకు మాత్రం అక్టోబరు 12న మా విశాఖలో మన భారత జట్టు ఆస్ట్రేలియా చేతిలో ఓడిపోయిన మ్యాచే. సొంతూళ్లో కళ్లారా చూసింది కదా, కాస్త పక్షపాతం ఉంటుంది మరి.

ఆ వారం ఆఫీసులో ఎక్కడ చూసినా దసరా సినిమాల వసూళ్ల గొడవే. ఆదివారం మ్యాచ్‌కి రమ్మంటే "ఆడవాళ్ల మ్యాచా?" అని నవ్వి ఊరుకున్నారు. మా అక్క కూతురు ఒక్కతే "నేనొస్తా మావయ్యా" అంది. టికెట్ ధర పెద్ద థియేటర్లో సినిమా టికెట్ కంటే తక్కువే. తీరా పీఎం పాలెం చేరాక చూస్తే స్టేడియం గేట్ల దగ్గర తోపులాట! అందులో ఆడపిల్లలే ఎక్కువ. ఆ రోజే అక్కడ ఒక స్టాండ్‌కు మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు మన ఆంధ్రా మాజీ క్రికెటర్ రావి కల్పన పేరు పెట్టారు. ఎప్పుడో జరగాల్సిన పని.

మొదట బ్యాటింగ్‌కు దిగిన మన స్మృతి మంధాన, ప్రతీక రావల్ ఓపెనింగ్‌కే 155 పరుగులు జోడించారు. స్మృతి వన్డేల్లో 5 వేల పరుగులు దాటింది కూడా ఆ ఇన్నింగ్స్‌లోనే. 294కి 4 వికెట్లే పడ్డాయి, 350 ఖాయం అనుకున్నాం. అక్కడి నుంచి 36 పరుగులకే ఆరుగురూ ఔట్. ఆస్ట్రేలియా బౌలర్ సదర్లాండ్‌కు 5 వికెట్లు. నన్నడిగితే మ్యాచ్ పోయింది అక్కడే. చివరి ఓవర్ల బౌలర్లను తిట్టి లాభం లేదు.

అయినా 330 చిన్న స్కోరేమీ కాదు. కానీ అవతల ఉన్నది ఆస్ట్రేలియా ఓపెనర్ హీలీ. 107 బంతుల్లో 142. టీవీలో ఆమె షాట్లు మాత్రమే కనిపిస్తాయి. గ్యాలరీలో కూర్చుంటే ఇంకోటి కనిపించింది: ప్రతి బంతికీ ముందు ఫీల్డ్ అంతా ఓసారి కలియజూస్తుంది, ఎవరిని ఎక్కడి నుంచి జరిపారో చూసుకుని సరిగ్గా ఆ ఖాళీలోకే కొడుతుంది. మన కెప్టెన్ హర్మన్ ఫీల్డర్ని మార్చడం, ఈమె ఇంకోవైపు బాదడం. మాకు బీపీ పెరగడం ఒక్కటే తక్కువ!

అంత బాదుడు మధ్యలో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి వేసిన 10 ఓవర్ల కోసమే ఈ జవాబు రాస్తున్నా. ఎర్రమల్లెపల్లె అనే పల్లెటూరి నుంచి వచ్చిన పిల్ల, ఎడమచేతి స్పిన్నర్. 331 ఛేదించిన మ్యాచ్‌లో 41 పరుగులే ఇచ్చి 3 వికెట్లు తీసింది. మనల్ని కూల్చిన సదర్లాండ్‌ను డకౌట్ చేసింది. చివరికి హీలీ వికెట్ కూడా తనదే. పాయింట్‌లో స్నేహ్ రాణా ముందుకు డైవ్ చేసి నేలకు ఆనేలోపు పట్టుకుంది. థర్డ్ అంపైర్ చూసి ఔటిచ్చేదాకా మా స్టాండ్‌లో ఎవరూ కూర్చోలేదు. మా వెనక వరసలో ఒక పెద్దాయన "మన సీమ పిల్ల తల్లీ!" అని గొంతు పోయేలా అరిచాడు. పక్కనున్న ఆయన భార్య సిగ్గుపడిపోయి చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

గెలుస్తామనే అనుకున్నాం. రిటైర్డ్ హర్ట్‌గా (ఔట్ కాకుండానే, నొప్పితో) వెళ్లిపోయిన ఆస్ట్రేలియా బ్యాటర్ పెర్రీ మళ్లీ దిగి సిక్సర్‌తో ముగించింది. ఇంకా ఒక ఓవర్ మిగిలే ఉంది. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతి పెద్ద ఛేదన. తిరుగు దారిలో ఆటో దొరక్క నడుస్తుంటే మా మేనకోడలు ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

ఆ రికార్డు 18 రోజులే నిలిచింది. సెమీస్‌లో అదే ఆస్ట్రేలియా మీద మనవాళ్లు 339 లక్ష్యాన్ని కొట్టేశారు. విశాఖ మ్యాచ్ చూడనివాళ్లకు అది అద్భుతంలా అనిపించి ఉంటుంది. మాకు మాత్రం బాకీ తీరినట్టు అనిపించింది. ఫైనల్‌లో శ్రీచరణి దక్షిణాఫ్రికా బ్యాటర్ బాష్‌ను సున్నాకే ఎల్బీ చేసినప్పుడు అక్క ఇంటి నుంచి ఫోన్, అవతల ఒకటే కేకలు.

డిసెంబరులో శ్రీలంకతో టీ20లు మళ్లీ ఇక్కడే జరిగాయి. ఈసారి "ఆడవాళ్ల మ్యాచా?" అన్న మహానుభావులే "బాస్, రెండు టికెట్లు ఏమన్నా దొరుకుతాయా?" అని నన్నే పట్టుకున్నారు. దొరకలేదని చెప్పాను. నా దగ్గర రెండున్నాయి, అవి మా ఇద్దరికే.