మొదటి రిపోర్టు నెగెటివ్, రెండోది పాజిటివ్: ఏది నమ్మాలి?

జ్వరం, వాంతులు మొదలైన మూడో రోజున మీ తమ్ముడికి చేయించిన హెపటైటిస్ ఎ, ఇ (కాలేయ వాపు తెచ్చే రెండు వైరస్‌లు) ఐజీఎం (కొత్తగా వైరస్ సోకినప్పుడు ఒళ్లు ముందుగా తయారుచేసే యాంటీబాడీ) పరీక్షలు రెండూ నెగెటివ్ వచ్చాయని, కళ్లు పచ్చబడ్డాక ఇంకో ల్యాబులో చేయిస్తే ఇ పాజిటివ్ అన్నారని, ఎవరిని నమ్మాలో తెలియడం లేదని రాశారు. ఆసుపత్రి ల్యాబులో చాలాకాలంగా ఈ పరీక్షలు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను, ఆ రెండు రిపోర్టులూ సరైనవే అయి ఉండవచ్చు. మొదటిసారి రక్తం తీసే నాటికి పరీక్షకు అందేంత యాంటీబాడీ ఆయన ఒంట్లో ఇంకా తయారై ఉండకపోవచ్చు.

హెపటైటిస్ ఇ వైరస్ ఒంట్లో చేరిన తరువాత లక్షణాలు కనిపించడానికి 2 నుంచి 10 వారాలు పడుతుంది. ఐజీఎం సాధారణంగా ఆ లక్షణాలతో పాటే పైకి వస్తుంది కనుక, కామెర్లు బయటపడకముందే తీసిన రక్తంలో వచ్చిన నెగెటివ్‌కు బలం తక్కువ. పైగా ఇ వైరస్ కిట్లన్నీ ఒకే స్థాయిలో పనిచేయవు. ఆ తొలి రోజుల్లోనే తేల్చుకోవలసి వస్తే రక్తంలో గాని మలంలో గాని వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను వెతికే పీసీఆర్ పరీక్ష ఉంది. హెపటైటిస్ ఎ విషయంలో ఇంత చిక్కు లేదు, కళ్లు పచ్చబడే సరికి దాదాపు అందరిలోనూ ఐజీఎం పాజిటివ్‌గానే ఉంటుంది.

అయితే ఎ ఐజీఎం ఒకసారి వచ్చాక మూడు నుంచి ఆరు నెలల పాటు, కొందరిలో అంతకంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. టీకా వేయించుకున్న కొత్తలోనూ కొందరిలో కనిపిస్తుంది. అందువల్ల ఏ లక్షణమూ లేనివారు ‘ఎందుకైనా మంచిది’ అని ఈ పరీక్ష చేయించుకోవడం నాకు నచ్చదు. ఇక పాత, కొత్త యాంటీబాడీలను కలిపి చూసే టోటల్ యాంటీబాడీ పరీక్ష ఇప్పటి జబ్బును తేల్చడానికి బొత్తిగా పనికిరాదు, ఎందుకంటే మన ప్రాంతంలో చాలామంది పెద్దవాళ్లకు ఎ వైరస్ చిన్నతనంలోనే సోకి పోయి ఉంటుంది.

1955-56లో ఢిల్లీలో మురుగు కలిసిన తాగునీటి వల్ల వేలమందికి కామెర్లు వచ్చినప్పుడు అది హెపటైటిస్ ఎ అనే అనుకున్నారు. తగిన పరీక్షలు వచ్చాక, అప్పుడు దాచిన రక్త నమూనాలను పరిశీలిస్తే అది ఎ కాదని తేలింది. సరైన సమయంలో తీసిన రక్తం ఇన్నేళ్ల తరువాత కూడా జవాబు చెప్పగలిగింది.

కామెర్ల రోగులకు రాసే చీటీల్లో నేను తరచూ చూసే లోటు బి వైరస్ దగ్గర ఉంటుంది. హెచ్‌బీఎస్ఏజీ ఒక్కటే రాసి వదిలేస్తారు. అది యాంటీబాడీ కాదు, వైరస్ పైపొర ముక్క. లక్షణాలకు ముందే కనబడుతుంది గాని, జబ్బు కొత్తదా పాతదా అన్నది చెప్పదు. కోలుకుంటున్న రోగిలో అది మాయమై, దాన్ని ఎదుర్కొనే యాంటీబాడీ ఇంకా కనిపించని వ్యవధి ఒకటి ఉంటుంది. ఆ వ్యవధిలో వైరస్ లోపలి భాగాన్ని (కోర్) ఎదుర్కొనే కోర్ ఐజీఎం ఒక్కటే సాక్ష్యం, అది అడగకపోతే బి అసలు లేదనే రిపోర్టు చేతికొస్తుంది. పాత బి జబ్బు తిరగబెట్టినా కోర్ ఐజీఎం కొద్దిగా పెరగవచ్చు కనుక, హెచ్‌బీఎస్ఏజీ పాజిటివ్ అయితే ఆరు నెలల తరువాత మళ్లీ చూసి, అప్పటికీ ఉంటే దీర్ఘకాలిక జబ్బుగా లెక్కిస్తారు.

సి వైరస్ యాంటీబాడీ అన్నిటికంటే ఆలస్యం. వైరస్ సోకాక సగటున 8 నుంచి 11 వారాలకు గాని అది దొరకదు, ఆర్‌ఎన్‌ఏ మాత్రం ఒకటి రెండు వారాల్లోనే కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన కామెర్లలో సి అనుమానం ఉంటే యాంటీబాడీని చూసే కార్డు పరీక్ష నెగెటివ్‌తో ఆగకూడదు.

మీ తమ్ముడికి మూడోసారి ఐజీఎం అవసరం లేదు. ఇప్పుడు గమనించవలసింది కళ్లను పచ్చబరిచే బిలిరుబిన్‌ను, అంతకు మించి రక్తం గడ్డకట్టే తీరు చెప్పే పీటీ ఐఎన్‌ఆర్‌ను. మగతగా ఉన్నా, మాట తడబడినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. అదే నీళ్లు తాగుతున్న గర్భిణి ఇంట్లో ఉంటే నీటిని బాగా మరగనిచ్చి చల్లార్చి ఇవ్వండి. నెలలు నిండుతున్న కొద్దీ ఇ వైరస్ గర్భిణులకు ప్రాణాపాయం కాగలదు కనుక, ఆమెకు వాంతులు, పచ్చని మూత్రం మొదలైతే ఐజీఎం రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.