కర్రీ పాయింట్ నవల రాస్తున్న అమ్మాయికి

విజయవాడ

అమ్మాయీ,

నీ నవల అందింది. రెండు రాత్రులు కూర్చుని పూర్తిచేశాను. దాని సంగతి చెప్పేముందు నీ ఉత్తరంలో మొదటి వాక్యం గురించి ఒక మాట. "ఇది గొప్ప సాహిత్యమేం కాదండీ, మామూలు ఫ్యామిలీ లవ్ స్టోరీ" అన్నావు. ఆ మాట ఇంకెప్పుడూ ఎవరి దగ్గరా అనకు. నువ్వు రాసినదాన్ని నువ్వే చిన్నబుచ్చితే, దాన్ని ఇష్టపడి చదివే మనిషిని కూడా చిన్నబుచ్చినట్టే.

ఆ చదివే మనిషి నాకు బాగా తెలుసు. మా అమ్మ. పక్కవాటా వాళ్ళు వారపత్రిక కొనేవారు. వాళ్ళయ్యాక మాకు, మా తర్వాత ఎదురింటి టీచరుగారికి. ఆవిడ చివరికి సీరియల్ పేజీలు విడదీసి బైండు చేయించేవారు. అమ్మ చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. రాత్రి వంటిల్లు కడిగాక గడప మీద కూర్చుని, పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివేది. నాన్నకు జబ్బు చేసిన ఏడాది కూడా మానలేదు. ఇంత కష్టంలో కథలేమిటని నేను విసుక్కుంటే, "ఆ అరగంట నన్నెవరూ ఏదీ అడగరే" అంది. నాకప్పుడు పదిహేనేళ్ళు, అర్థం కాలేదు. ఇప్పుడు రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ఆ అరగంటే గుర్తొస్తుంది. నువ్వు రాస్తున్నది కూడా అలాంటి అరగంట కోసమే.

ఈ నవలలు పగటికలలని కొట్టిపారేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మళ్ళీ చదివి చూడు. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'లో అందరూ నాయకుడు రాజశేఖరం గురించే చెప్పుకుంటారు. నాకు మాత్రం నాయిక జయంతి ముఖ్యం. ఆమె ఉద్యోగం చేసుకునే పిల్ల, అభిమానం చంపుకోని పిల్ల. కోడూరి కౌసల్యాదేవి గారి 'ప్రేమనగర్'లో లతా అంతే. రెండూ అక్కినేని, వాణిశ్రీలతో సినిమాలయ్యాయి, 'ప్రేమనగర్' 1971లో, 'సెక్రటరీ' 1976లో. మేడలూ కార్లూ తెరమీద బాగా కనిపిస్తాయి కాబట్టి అవే మిగిలిపోయాయి మన జ్ఞాపకంలో. కానీ ఆ కథలు చదివిన పిల్లలు టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకుని ఆఫీసులకు వెళ్ళడం మొదలుపెట్టిన కాలం అది. పరాయి మగవాళ్ళ మధ్య పనిచేస్తూ మర్యాద నిలుపుకోవడం ఎలాగన్నది వాళ్ళకు నిజమైన ప్రశ్న. కల కింద ఆ ప్రశ్న ఉంది కాబట్టే అంతమంది చదివారు.

విమర్శకుల మాటలో నిజం కూడా ఉంది. డబ్బున్నవాడు, కోపిష్టి, ముందు అవమానించి తర్వాత ప్రేమించేవాడు. ఈ నాయకుణ్ణి మా తరం చాలాకాలం మోసింది. నేనూ మోశాను, నా మొదటి రెండు నవలల్లో. నువ్వు మోయనక్కర్లేదు. నీ మూడో అధ్యాయంలో అతను ఆమె చెయ్యి పట్టి లాగి కారెక్కిస్తాడు, ఆమెకు కోపంతోపాటు గుండె ఝల్లుమంటుంది. ఆ పేజీ తీసెయ్. అది నీది కాదు, ఎక్కడో చదివింది చేతిలోకి వచ్చేసింది.

నీది ఏదో చెప్తాను. ఆరో అధ్యాయంలో అతను రోజూలాగే ఆమె కర్రీ పాయింట్‌కి పప్పూ వేపుడూ పార్శిల్ కట్టించుకోవడానికి వస్తాడు. ఆమె కవర్లకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు బరువు మార్చుకుంటుంది. అతను ఏమీ అనడు. మర్నాడు వచ్చేటప్పుడు ఒక ఎత్తు స్టూలు తెచ్చి కౌంటర్ వెనక పెట్టి, తన పార్శిల్ తీసుకుని వెళ్ళిపోతాడు. ఆమె సాయంత్రం దాకా దానిమీద కూర్చోదు. షట్టరు దించాక కూర్చుంటుంది.

అమ్మాయీ, అక్కడ నేను పుస్తకం మూసి కాసేపు అలాగే ఉండిపోయాను. మనం రాసే ప్రేమంతా ఇదే కదా. ఇంట్లో అందరి అలసటనూ కనిపెట్టే మనిషి అలసటను ఒకరు కనిపెట్టారు. మా అమ్మ ఆ సీరియల్స్‌లో వెతుక్కున్నది కూడా అదేనని నాకిప్పుడు అనిపిస్తుంది. పన్నెండో అధ్యాయంలో నువ్వు పెట్టిన వంద గులాబీలు ఆ స్టూలు ముందు వెలవెలబోయాయి.

ఇక అత్తగారు. నీ కథానాయికకు ముప్పైఆరేళ్ళు, భర్త పోయాడు, తొమ్మిదో తరగతి చదివే కూతురు. పోయిన భర్త తల్లే తెల్లవారుజామున లేచి పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తుంది. ఇంత మంచి మనిషిని పుట్టించి, తొమ్మిదో అధ్యాయంలో ఆడపడుచు ఇంటికి పంపేశావు. ప్రేమకథకు అడ్డమనుకున్నావా? నీ కథ ఉన్నది ఆవిడ దగ్గరే. కోడలు మళ్ళీ పెళ్ళి చేసుకుంటే ఆవిడ ఎక్కడికెళ్ళాలి? ఆ ఇంట్లో ఆవిడ ఎవరవుతుంది? ఇది వదిలేసి, ఎవరో చెప్పిన అబద్ధం నమ్మి ఇద్దరూ నాలుగు అధ్యాయాలు మాట్లాడుకోకపోవడం పెట్టావు. ఒక్క ఫోన్ కాల్‌తో తీరిపోయే అపార్థం మీద అన్ని పేజీలు నిలబడవు.

సుఖాంతం గురించి భయపడుతున్నావు. రాయి, సిగ్గుపడకు. వాళ్ళు కలుస్తారని చదివేవాళ్ళకు మొదటి పేజీలోనే తెలుసు. అయినా చదువుతారు.

నువ్వు ఏం చదవాలని అడిగావు. నీకు హాయిగా అనిపించిన నవలలే చదువు. మొదటిసారి చదివేటప్పుడు పెన్సిల్ ముట్టుకోకు, నేర్చుకోవాలని అసలు చూడకు. ఏడుపొస్తే ఏడువు. వారం గడిచాక గొంతు పట్టేసిన పేజీ ఒక్కటే తీసి, అంతకు ముందు పది పేజీల్లో ఆ రచయిత్రి ఏం దాచిపెట్టిందో వెతుకు. ఇప్పుడు ప్రతిలిపి లాంటి చోట్ల ఫోన్‌లోనే భాగాలుగా చదువుతున్నారు, వారపత్రిక రోజులు మరో రూపంలో వచ్చినట్టుంది. నాకది సంతోషమే. అక్కడ రాసేటప్పుడు ప్రతి భాగం చివరా ఒక షాక్ పెట్టాలన్న టెన్షన్ మాత్రం పెట్టుకోకు. రేపు ఆ పిల్ల ఏం చేస్తుందో అన్న బెంగ చాలు, చదివేవాళ్ళు తిరిగొస్తారు.

ఒక చిన్న అనుమానం. రాత్రి మిగిలిపోయిన కూరలు ఆమె ఏం చేస్తుందో ఎక్కడా రాయలేదు. ఒక కర్రీ పాయింట్ దగ్గర రెండు రోజులు నిలబడి చూసిరా.

తొమ్మిదో అధ్యాయం తిరగరాశాక ముందు అదొక్కటే పంపు. ఆ స్టూలు ఎక్కడిదని అత్తగారు అడిగినప్పుడు కోడలు ఏం చెప్పిందో చదవాలని ఉంది.

ఆశీస్సులతో,
అమ్మ
(మేడమ్ అనకు, ఇలాగే పిలువు)