సీయోను, జియోనిజం: రెండూ ఒకటేనా?

సందేహం: చర్చి పాటల్లో 'సీయోను' అంటాం. వార్తల్లో 'జియోనిజం' అని వింటున్నాం. రెండూ ఒకటేనా? సీయోను అంటే యెరూషలేమా, పరలోకమా?

సమాధానం: మాట ఒకటే, మన దగ్గరికి వచ్చిన దారులు వేరు. హీబ్రూలో దీని మొదటి అక్షరం 'త్స'లా పలుకుతుంది. గ్రీకులో అది 'సియోన్' అయింది. మన బైబిలులోనూ 'స'కారమే నిలిచింది, చివర తెలుగు అలవాటు కొద్దీ ఉకారం చేరింది. హెబ్రోను, సొలొమోను కూడా అంతే. ఇంగ్లీషులో 'జ' పలుకుతారు. రాజకీయ పదం మనకు ఆ దారిలో వచ్చింది కాబట్టి దాన్ని 'జియోనిజం' అనే రాయాలి. 'సీయోనువాదం' అని రాస్తే ఏదో కొత్త సంఘం పేరనుకుంటారు!

ఇక అర్థం. మొదట ఇది ఒక కోట పేరు. యెరూషలేములో అంతకుముందు నుంచీ ఉన్న యెబూసీయులనే జాతి చేతిలోని సీయోను కోటను దావీదు పట్టుకున్నాడని సమూయేలు రెండవ గ్రంథం 5వ అధ్యాయం చెబుతుంది. తర్వాత ఆ పేరు దేవాలయం ఉన్న కొండకు, ఆపైన నగరమంతటికీ, చివరికి అక్కడి జనానికీ పాకింది. 'సీయోను కుమారి' అంటే ఎవరో అమ్మాయి కాదు, ఆ నగరమే. 137వ కీర్తనలో బబులోను నదుల దగ్గర కూర్చుని ఏడ్చినవాళ్లకు సీయోను అంటే పోగొట్టుకున్న ఊరు. హెబ్రీయులకు రాసిన పత్రిక 12:22కు వచ్చేసరికి అది 'పరలోకపు యెరూషలేము'. మన పాటల్లో ఎక్కువగా వినిపించేది ఈ చివరి అర్థమే. కాబట్టి మీరడిగిన రెండూ సరైనవే, ఏది అన్నది సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి.

తమాషా ఏమిటంటే, నేడు యెరూషలేములో యాత్రికులకు చూపించే 'సీయోను కొండ' పడమటి కొండ. దావీదు పట్టుకున్న కోట తూర్పు గుట్ట మీదిది. పేరే కొండ మారింది.

జియోనిజం ఆధునిక పదం. యూదులకు స్వదేశం కావాలన్న ఉద్యమానికి ఈ పేరును 1890లో నాథన్ బిర్న్‌బామ్ అనే యూదు రచయిత వాడాడు. 1897లో ఆ ఉద్యమ నాయకుడు థియోడర్ హెర్జ్ల్ స్విట్జర్లాండులోని బాసెల్‌లో మహాసభ జరిపాక అది ప్రపంచానికి తెలిసింది. జమైకాలో పుట్టిన రాస్తఫారీ అనే మతోద్యమం వాళ్లకైతే జియాన్ (మన సీయోనే) అంటే ఇథియోపియా, తమను అణచే వ్యవస్థ బాబిలోన్ (మన బబులోను).

ఇంకో సంగతి. బైబిలులో కనిపించే 'సీహోను' అమోరీయుల రాజు. అతనికీ సీయోనుకూ ఏ సంబంధమూ లేదు. చదివేటప్పుడు ఆ 'హ'ను మింగేయకండి.