ఆటోలో ఒక నోటుబుక్కు

ప్రశ్న: మేడమ్, నాకు ఇరవై ఆరేళ్లు. బీకాం చదివాను, ట్యాలీ వచ్చు. పెళ్లయ్యాక పొదిలి దగ్గర పల్లెటూరికి వచ్చాను. మావారికి ఆటో ఉంది. పాపకు మూడేళ్లు. ఊళ్లో పొలం పనులు తప్ప ఏమీ లేవు, రోజూ ఒంగోలు వెళ్లి రావడానికి ఇంట్లో ఒప్పుకోరు. ఇంట్లోనే డేటా ఎంట్రీ చేస్తే నెలకు పదిహేను వేలు ఇస్తామని ఎవరో ఫోన్ చేశారు. రిజిస్ట్రేషన్‌కి 3,500 కట్టాలట. అత్తగారేమో లోను తీసుకుని గేదెను కొనమంటున్నారు. అవసరమైతే నా గొలుసు కుదువ పెడదామంటున్నారు మావారు. ఏం చేయమంటారు?
– పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ఆ 3,500 కట్టకండమ్మా. పనిచ్చేవాడు మనకు డబ్బిస్తాడు గానీ మన దగ్గర తీసుకోడు. కట్టాక ఏమవుతుందో కూడా చెబుతాను. వారం రోజులు టైపింగ్ చేయిస్తారు, తప్పులున్నాయంటారు, అగ్రిమెంటు ప్రకారం మీరే మాకు కట్టాలి, లేదంటే కోర్టు నోటీసు అంటారు. మా అక్క కూతురు ఆ టెన్షన్‌తో రెండోసారి కూడా కట్టింది. ఇప్పటికే కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

గేదె సంగతి. బ్యాంకులో ఫీల్డాఫీసరుగా నేను ఇచ్చిన గేదె లోన్లకు లెక్కలేదు. ఒకే గేదెను పొద్దున ఒకరింటి ముందు, మధ్యాహ్నం ఇంకొకరింటి ముందు కట్టి చూపించేవారు. చెవికి ఇన్సూరెన్సు బిళ్ల లేకపోతే రెండింటికీ సంతకం పెట్టేసేదాన్నే! పాడి మంచిదే. కానీ మీ వైపు ఎండాకాలంలో మేత కొనాలి, గేదె వట్టిపోయిన నెలల్లోనూ వాయిదా ఆగదు. మీకు పొలం ఉందో లేదో రాయలేదు. లేకపోతే అత్తగారికి ఈ లెక్క చెప్పండి, బ్యాంకావిడ చెప్పిందనండి.

మీ వారి ఆటో గురించి ఒక్క ముక్కలో రాసి ఊరుకున్నారు. ఊళ్లోవాళ్లు ఏ పని మీద పొదిలి వెళ్తున్నారో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆటోలో ఒక నోటుబుక్కు పెట్టండి. పదిహేను రోజులపాటు ఎక్కినవాళ్లు ఎందుకు వెళ్తున్నారో రాయమనండి. జాకెట్టు కుట్టించుకోవడానికా, జిరాక్సుకా, డబ్బు తీసుకోవడానికా? చార్జీ పెట్టుకుని మరీ వెళ్తున్న పనేదో అది మీరు ఊళ్లోనే చేసిపెట్టగలరేమో చూద్దాం.

నా అంచనా, డబ్బు తీసుకోవడానికే ఎక్కువమంది. ఉపాధి కూలి ఖాతాలో పడితే వెయ్యి రూపాయల కోసం ఒక పూట పని పోగొట్టుకుంటారు. అలాంటి ఊళ్లకే బ్యాంకులు బ్యాంకు మిత్రలను పెట్టుకుంటాయి. వేలిముద్ర వేయించుకుని డబ్బు ఇవ్వడం, జమ చేయడం వాళ్ల పని. ఒక పరీక్ష రాయాలి, బీకాం చదివిన మీకు కష్టం కాదు. జీతం ఉంటుందనుకోకండి, లావాదేవీకింత అని కమీషన్. మొదట్లో అది చాలా తక్కువ. పక్కన ప్రింటరు పెట్టి జిరాక్సులు, ఆన్‌లైన్ దరఖాస్తులు కూడా చేస్తేనే గిట్టుబాటు.

ఇందులో తిప్పలూ ఉన్నాయి. కూలి డబ్బులు పడిన రోజు అందరూ ఒకేసారి వస్తారు, మీ చేతిలో ఇరవై ముప్పై వేలైనా నగదు ఉండాలి. గొలుసు కుదువ పెట్టాల్సి వస్తే దీనికి పెట్టండి, అదీ బ్యాంకులోనే. ఇంకొకటి వేలిముద్రలు. కూలి చేసి చేసి ముసలివాళ్ల వేళ్లు అరిగిపోతాయి, మిషన్ పట్టదు. తడిగుడ్డతో తుడిపించాలి, వేలు మార్చి పెట్టించాలి, అయినా పడకపోతే తిట్లు తినాలి. రసీదు తప్పకుండా ఇవ్వండి. చదువు రానివాళ్లకు ఎంత తీశారో, ఎంత మిగిలిందో పైకి చదివి చెప్పండి. నేను మేనేజరుగా ఉన్నచోట ఒకతను ‘పడలేదవ్వా’ అని రెండోసారి వేలు పెట్టించి, ఆ డబ్బు తన జేబులో వేసుకున్నాడు. అతన్ని తీసేశాం, కానీ తర్వాత వచ్చిన నిజాయతీపరుణ్ని కూడా ఏడాదిపాటు ఎవరూ నమ్మలేదు.

నేరుగా బ్రాంచి మేనేజరును కలిసి, మీ ఊరికి ఎవరైనా ఉన్నారా, ఖాళీ ఉందా అని అడగండి. ఏజెన్సీ ఇప్పిస్తామని మధ్యలోవాళ్లు డబ్బు అడిగితే అది మళ్లీ ఆ 3,500 బాపతే. డ్వాక్రా సంఘంలో ఉన్నారా? ఉంటే మండలంలో వెలుగు ఆఫీసుకు కూడా వెళ్లండి. సంఘాల మహిళలనే ఈ పనికి తీసుకునే పద్ధతి ఉంది. సంఘాల మహిళలకు అప్పులిచ్చే స్త్రీనిధి నుంచి ప్రింటరుకు లోను సంగతీ అక్కడే తెలుస్తుంది.

నోటుబుక్కులో నా అంచనా తప్పని తేలవచ్చు. కుట్టుపనికే ఎక్కువమంది వెళ్తున్నారనుకోండి, బ్యాంకులు నడిపే శిక్షణ కేంద్రం ఆర్‌సెటిలో ఉచితంగా నేర్పుతారు, భోజనం, బస వాళ్లదే. పాపను వదిలి ఉండలేరు కాబట్టి, పాతికమంది ఆడవాళ్లను కూడగట్టుకుని మండలంలోనే ఒక బ్యాచ్ పెట్టమని అడిగి చూడండి.