నూనూగు మీసానికి వయసుందా?

సందేహం: మా తమ్ముడు ట్రాన్స్ పురుషుడు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదైన మగవాడు. ముప్పై ఏళ్లు. ఎనిమిది నెలలుగా డాక్టరు పర్యవేక్షణలో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోను ఇంజెక్షన్లు తీసుకుంటున్నాడు. 'వాడి గొంతు విరిగింది, నూనూగు మీసాలు వచ్చాయి' అని పిన్నికి మెసేజ్ పెట్టాను. 'నూనూగు మీసాలనేది పదహారేళ్ల కుర్రాళ్లకు కదే' అంది. తప్పు రాశానా?
– ఒక పాఠకురాలు, వరంగల్

సమాధానం: ముందు గొంతు సంగతి. తెలుగులో పాలు విరుగుతాయి, మనసు విరుగుతుంది, గొంతు విరగదమ్మా. అది ఇంగ్లీషుకు మక్కికి మక్కి. 'బొంగురుపోయింది' అంటే జలుబు గుర్తొస్తుంది. జలుబు బొంగురు నాలుగు రోజుల్లో పోతుంది. ఈ మందుతో స్వరతంత్రులే మందమవుతాయి. మందు ఆపినా పాత గొంతు రాదు. 'గొంతు మారింది' అనండి, చాలు.

ఇక నూనూగు. నాకు ప్రాణమైన మాట. 'నును', 'నూగు' కలిసి అయింది. దీన్ని 'నూనుగు' అని రాసేవాళ్లను చూస్తే ఉసూరుమనిపిస్తుంది. అసలు నూగునే చెరిపేస్తే ఇంక మిగిలేదేముంది? లేత బెండకాయను నిమిరితే వేళ్లకు తగిలేది నూగు. పొట్ట మీది సన్నని రోమాల వరుస నూగారు. నువ్వులను నూగులనడమూ ఉంది, ఇక్కడ దానితో పనిలేదు.

శ్రీనాథుడు కాశీఖండం అవతారికలో ఏ వయసులో ఏ కావ్యం రాశాడో వరసగా చెప్పుకున్నాడు. 'చిఱుత కూకటి నాడు' ఒకటి. 'నూనూగు మీసాల నూత్నయౌవనమున' శాలివాహన సప్తశతి. 'నిండు జవ్వనం'లో నైషధం. ఎక్కడైనా ఏళ్ల లెక్క ఉందా? కూకటి అంటే పిలక. పిలక నుంచి మీసానికి, ఒంటి మీద కనబడే గుర్తుతోనే వయసు చెప్పాడు మహాకవి. ఈ చికిత్సలో సాధారణంగా ఆరు నెలలు దాటాక మొదలయ్యే నూగు ముదరడానికి నాలుగైదేళ్లు పడుతుంది. కుర్రవాడి మీసమూ ఒక్కరోజులో రాదు కదా. ముప్పయ్యో ఏట వచ్చినా మీ తమ్ముడిది నూత్నయౌవనమే అంటాను.

మీరు తమ్ముణ్ని కర్తగా పెట్టి, మగవాడిగానే 'తీసుకుంటున్నాడు' అని రాయడం నాకు సంతోషం. 'ఇంజెక్షన్లతో మగాడైన యువతి' లాంటి శీర్షికలు చదివితే బాధేస్తుంది. శస్త్రచికిత్స అయితేనే ఒకరి లింగాన్ని గుర్తిస్తామని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని 2014లోనే, ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చిన నల్సా తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. వార్త రాసేవాళ్లు వాక్యంలో కర్తనైనా సరిగ్గా పెట్టుకోవద్దా?

పిన్నిగారి మాటనూ పూర్తిగా కొట్టెయ్యలేను. వాడుకలో ఆ పదం కుర్రతనంతో ముడిపడిపోయిన మాట నిజం. ఆమెకు మరీ ఎబ్బెట్టుగా ఉంటే 'మీసాలు నూగుగా వస్తున్నాయి' అనండి. నల్లబడి ముదిరాక మాత్రం నూనూగు కుదరదు. అప్పుడది మీసకట్టు.